ఆకాశం నుంచి ఎత్తు కొలవడం ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి కాకినాడలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. ఉపగ్రహ చిత్రాల నుంచి ఊళ్లలోని భవనాల ఎత్తు లెక్కగట్టే పనిలోకి వెళతానంటోంది. ఒక శిక్షణ సంస్థ మూడు నెలల కోర్సుకు 80 వేలు అడుగుతోంది, ఉద్యోగం ఖాయమంటోంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అమ్మాయి ఎంచుకున్న పని మంచిదే. కానీ మూడు నెలల్లో ఆ సంస్థ నేర్పేది ఏ మీట ఎక్కడ నొక్కాలో మాత్రమే అయివుంటుంది. ఈ వృత్తిలో జీతం ఇచ్చేది అందుకు కాదు, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగినందుకు.

రావులపాలెం నుంచి మీ ఊరికి బస్సులో వస్తున్నప్పుడు కిటికీలోంచి చూడండి. రోడ్డు పక్క కొబ్బరిచెట్లు వెనక్కి పరుగెడతాయి, దూరాన గుడి గోపురం నింపాదిగా కదులుతుంది. కంటికి దగ్గరైనది ఎక్కువ జరుగుతుంది. ఉపగ్రహానికీ అంతే. రెండు చోట్ల నుంచి తీసిన ఫొటోల్లో నేలకన్నా మేడ పైకప్పు ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది, ఆ జరుగుడు నుంచే ఎత్తు లెక్కగడతారు. 2005 మేలో ఇస్రో పంపిన కార్టోశాట్-1లో ఇందుకే రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి చూసేవి. ఒకే చోటును 52 సెకన్ల తేడాతో రెండుసార్లు తీసేవి.

చిక్కంతా ఆ తర్వాతే. ఆ ఫొటోలో ఒక చుక్క (పిక్సెల్) నేల మీద 2.5 మీటర్లు. రెండు ఫొటోల్లో ఒకే పైకప్పు మూలను గుర్తించడంలో కంప్యూటర్ ఒక్క చుక్క పొరబడితే ఎత్తులో దాదాపు 4 మీటర్లు తేడా వస్తుంది, అంటే ఒక అంతస్తు పైనే. పక్కపక్కనే ఉన్న అపార్ట్‌మెంటు పైకప్పులన్నీ ఒకేలా ఉంటాయి కనుక పొరబాటు పడటం తేలిక. ఒక మేడ వెనుక సందు రెండో ఫొటోలో కనిపించదు. ఆ 52 సెకన్లలో బస్సు ముందుకు వెళ్లిపోతుంది, చెరువు నీటిపై అలల తీరు మారిపోతుంది. అందుకే మన రొయ్యల చెరువులు ఒక్కోసారి లెక్కలో గుంటలుగానో దిబ్బలుగానో తేలతాయి. కోనసీమలో ఇంకో తమాషా ఉంది: తోట దట్టంగా ఉన్నచోట కొలిచేది నేల ఎత్తును కాదు, కొబ్బరి మట్టల ఎత్తును.

నీడతో కొలిచే పద్ధతి కూడా ఉంది. సూర్యుడు 60 డిగ్రీల ఎత్తున ఉంటే 15 మీటర్ల మేడ నీడ 8.7 మీటర్లు, పైన చెప్పిన ఫొటోలో మూడున్నర చుక్కలు. దాన్నిబట్టి అంతస్తులు లెక్కపెట్టడానికి ధైర్యం కావాలి! 2019లో వెళ్లిన కార్టోశాట్-3లో చుక్క పావు మీటరుకు దగ్గర కాబట్టి అక్కడ నీడ పనికొస్తుంది.

మేడకు ఒక మీటరు తప్పు వచ్చినా ఆస్తిపన్నుకు అంతస్తులు లెక్కపెట్టవచ్చు. కానీ మన డెల్టాలో చేనుకూ డ్రెయిన్‌కూ మధ్య తేడా జానెడో మూరెడో. ముంపు పటాన్ని అలాంటి లెక్క మీద గీస్తే నీళ్లు పటం మాట వినవు. కనుక అమ్మాయిని ముందు ఆటో లెవెల్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం, పట్టుకోమనండి. ఎండలో నిలబడి స్టాఫ్ (కొలత గీతల కర్ర) మీద మిల్లీమీటర్లు చదివినవారికి ఈ తేడా తెలుస్తుంది. సివిల్ చదువులో అది ఉంది, ల్యాబ్ రికార్డుకే వదిలేయకూడదు.

చదువు దారి సులభమే. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగానే నడుపుతుంది. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ (భూమిని కొలిచి పటాలు చేసే శాస్త్రం) పేపర్ ఉంది, ఐఐటీ రూర్కీ, బొంబాయి, కాన్పూర్‌లలో ఎంటెక్ ఉంది. పైథాన్ ప్రోగ్రామింగ్, కాస్త లీనియర్ ఆల్జీబ్రా లెక్కలు తప్పవు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, సర్వే ఆఫ్ ఇండియా వంటి చోట్ల పోటీ గట్టిది. ప్రైవేటులో మొదటి ఉద్యోగం తరచూ పటం మీద గీతలు గీసేదే. ఏడాదికి మించి అక్కడ ఆగిపోతే మాత్రం నేను ఒప్పుకోను.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. కాకినాడ స్టేషన్ అంకె రాసుకుని, ఇస్రో భువన్ పోర్టల్‌లో దొరికే కార్టోడెమ్‌లో (కార్టోశాట్ ఫొటోల నుంచి చేసిన ఎత్తుల పటం) అదే చోటు ఎత్తు చూడమనండి. అక్కడ మైనస్‌లో, అదీ పదుల మీటర్లలో వస్తుంది. ఊరు మునిగిపోలేదు. బోర్డు సముద్రమట్టం నుంచి కొలిస్తే, కార్టోడెమ్ భూమికి గణితం గీసిన నున్నటి ఆకారం నుంచి కొలుస్తుంది. మన తీరంలో సముద్రమట్టం ఆ ఆకారానికి బాగా కింద ఉంది.

ఆ మైనస్ ఎందుకు వచ్చిందో మీరు ఆ శిక్షణ సంస్థవారిని కూడా అడగండి. తడబడకుండా చెబితే, అప్పుడు ఫీజు సంగతి మాట్లాడుకుందాం.