అటక మీద దొరికిన దూరదర్శన్ రామాయణం వీడియో క్యాసెట్లలో ఏవి దాచాలి, ఎలా కాపాడాలి?

రామాయణం, మహాభారతం సీరియళ్ల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కొన్ని అచ్చు లేబుళ్లవి, కొన్ని చేత్తో పేరు రాసినవి ఉన్నాయన్నారు. ముందు చేత్తో రాసినవి పక్కన పెట్టండి. అసలైన జ్ఞాపకాలు అవే. అచ్చు లేబుళ్ల కంపెనీ సెట్ వెతికితే ఇంకోటి దొరుకుతుంది, రామాయణాన్ని 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేసింది కూడా. కానీ 1987 జనవరి 25 నుంచి ఆదివారం పొద్దున్నే వచ్చిన ప్రసారాన్ని ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులో ఆనాటి ప్రకటనలుంటాయి, అనౌన్సర్ గొంతు ఉంటుంది, అదృష్టం బాగుంటే 'రుకావట్ కే లియే ఖేద్ హై' (అంతరాయానికి చింతిస్తున్నాం) బోర్డు కూడా దొరుకుతుంది. అవి పోతే మళ్లీ రావు.

క్యాసెట్ వీపు వైపు ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. విరిచేయండి, పొరపాటున కూడా దానిమీద ఇంకోటి రికార్డు కాదు.

వెంటనే వీసీఆర్‌లో పెట్టొద్దు. క్యాసెట్ మీదుండే చిన్న పారదర్శక కిటికీలోంచి టార్చి వేసి టేపు చుట్ట అంచు చూడండి. నున్నగా నల్లగా ఉంటే మంచిది. తెల్లటి పొడి, సాలెగూడు లాంటి మచ్చలుంటే బూజు. అది వీసీఆర్ హెడ్లకు (టేపును చదివే భాగాలకు) అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. బూజు పట్టినవి విడిగా కవర్లో కట్టి, టేపులు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

క్యాసెట్ పెట్టె పగిలితే టేపు పోయినట్టు కాదు. అడుగున ఐదు స్క్రూలుంటాయి. విప్పగానే టేపు ఏ దారిన వెళ్తోందో ఫోన్‌తో ఫొటో తీసుకుని, రెండు చుట్టలనూ పనికిరాని వేరే క్యాసెట్ పెట్టెలోకి మార్చండి. తెగిన టేపుకు మామూలు సెల్లోటేప్ అస్సలు వద్దు. దాని జిగురు కారి హెడ్లను పాడుచేస్తుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి), 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో గంటకు సుమారు 3.6 జీబీ అవుతుంది. పాత టేపు సిగ్నల్ ఊగుతూ ఫ్రేములు జారిపోతాయి, అందుకే మాట, పెదవి కలవవు. టైమ్ బేస్ కరెక్టర్ (ఊగే సిగ్నల్‌ను సరిచేసే పరికరం) మధ్యలో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ప్రకటనలు కత్తిరించకండి!

తర్వాత టేపును పూర్తిగా వెనక్కి చుట్టి, పుస్తకంలా నిలువుగా, స్పీకర్లకు దూరంగా, సిలికా జెల్ పొట్లంతో మూతున్న డబ్బాలో పెట్టండి. అటక మాత్రం వద్దు, వేసవి వేడికి టేపు వంకరపోతుంది.