నాన్న ఎస్టీమ్‌ను తుక్కుకు ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, నా భార్యది చిన్న ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 78 వేలు వస్తాయి. మా నాన్న 2005లో కొన్న మారుతి ఎస్టీమ్ ఉంది, ఏపీ 36 నంబరు. నాన్న రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని గడువు కూడా ఈమధ్యే అయిపోయింది. కారును స్క్రాప్‌కు ఇచ్చి 8 లక్షల కొత్త కారు తీసుకుంటే అన్నీ కలిపి 65 వేల దాకా కలిసొస్తుందని షోరూం వాళ్లు చెబుతున్నారు. 3 లక్షల ఎఫ్‌డీ తీసి కట్టి, మిగతా ఆరున్నర లక్షలకు ఏడేళ్ల లోన్ పెట్టుకోమంటున్నారు. ఆదివారాలు భద్రకాళి బండ్ దగ్గర కలిసే పాత కార్ల మిత్రులేమో ‘తుక్కుకిస్తే మళ్లీ మాకు మొహం చూపించకు’ అంటున్నారు. అమ్మ ఏమీ అనడం లేదు. నెలకు 350 కిలోమీటర్లకు మించి తిరగం, అదీ ఎక్కువగా పరకాల వైపు మా ఊరికే. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది 65 వేల మాట కాదు, ‘అమ్మ ఏమీ అనడం లేదు’ అన్న మాట. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు లెక్కలు చూద్దాం.

ఆరున్నర లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకు దాదాపు 10,620 రూపాయలు కట్టాలి. ఏడేళ్లలో వడ్డీ ఒక్కటే 2 లక్షల 42 వేలు అవుతుంది. ఎలాగూ ఈ ఏడాది కొత్త కారు కొనాలని ఎప్పుడో అనుకున్నవాళ్లకు ఆ 65 వేలు నిజంగా కలిసొచ్చే డబ్బే. మీరు అలా అనుకోలేదు. ఆర్సీ గడువు అయిపోయిందని షోరూంకు వెళ్లారు, లోన్ కాగితంతో తిరిగొచ్చారు.

ఆ 65 వేలను కూడా విడదీసి చూడండి. స్క్రాప్ విలువ ఒక ముక్క, కంపెనీ డిస్కౌంట్ ఇంకో ముక్క, లైఫ్ ట్యాక్స్ రాయితీ మూడోది. మన దగ్గర 5 నుంచి 10 లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. మీ 8 లక్షల కారుకు 1,12,000 అవుతుంది. పాత బండి తుక్కుకిచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే సొంత వాహనాలకు గరిష్ఠంగా 25 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం నిబంధన. అంటే ఎంత లాగినా 28 వేలు దాటదు. తెలంగాణలో అది కొత్త బండి ధరను బట్టి శ్లాబులుగా ఉంటుంది, కాబట్టి మీ కారుకు ఎంత వస్తుందో షోరూం మాట మీద కాకుండా ఆర్టీఏ ఆఫీసులోనే అడగండి. కంపెనీ డిస్కౌంట్ సంగతి మరీను. నెలాఖరుకు వెళ్లి కాస్త గట్టిగా బేరమాడితే పాత కారు లేనివాళ్లకు కూడా అంత తగ్గిస్తారు.

ఇక మీ మిత్రుల వాదన. దాన్ని కొట్టిపారేయను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. బండి వయసు చూసి కాదు, కండిషన్ చూసి నిర్ణయించాలంటారు వాళ్లు. ఇరవై ఏళ్లలో లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగి, టైముకు ఆయిల్ మార్చుకున్న ఎస్టీమ్ ఒకటి, ఆరేళ్లకే మూడు లక్షలు దాటిన ట్యాక్సీ ఒకటి. క్యాలెండర్ ఈ తేడా చూడదు. ఇలా తుక్కుకు పోయే ప్రతి బండితో రేపు ఇంకో బండికి పనికొచ్చే డోరు హ్యాండిల్, హెడ్‌లైటు, గేర్‌బాక్స్ కూడా పోతాయన్నది వాళ్ల రెండో బాధ. 2009లో అమెరికాలో చేసింది వాళ్లు మీకు చెప్పే ఉంటారు. పాత బండి ఇచ్చి కొత్తది కొన్నవాళ్లకు 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చారు. వచ్చిన దాదాపు 6.77 లక్షల బండ్ల ఇంజిన్లలో ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అవి బిగుసుకుపోయేదాకా నడిపారు. బాగా నడుస్తున్న ఇంజిన్‌ను అలా చంపడం చూస్తే బండ్లంటే ప్రాణమిచ్చేవాళ్లకు కడుపు మండదా? అంత చేయనక్కర్లేదనే నా అభిప్రాయం కూడా. మన దగ్గర అధీకృత కేంద్రాలు పనికొచ్చే విడిభాగాలను తీసి అమ్ముకోవచ్చు, అంతవరకు నయం.

రెండో సగం మాత్రం వాళ్లు దాటేస్తారు. 2005లో మన వైపు అమ్మిన కార్లు బీఎస్-2వి, అంటే బండి వదిలే పొగకు ప్రభుత్వం పెట్టే ‘భారత్ స్టేజ్’ హద్దుల్లో రెండోదానికి తగ్గవి. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోమీటరుకు 0.5 గ్రాముల వరకు అప్పుడు అనుమతి. ఇప్పటి బీఎస్-6 పెట్రోలు కారుకు ఆ రెండూ కలిపి 0.16 మాత్రమే. ఎంత ముద్దుగా చూసుకున్నా మీ ఎస్టీమ్ ఆ లెక్కకు రాదు. కాకపోతే నెలకు 350 కిలోమీటర్లే కాబట్టి అది వదిలే పొగ కూడా ఆ మేరకే.

ఇంకో మాట. ‘ఇరవై ఏళ్లు దాటితే పోలీసులే ఎత్తుకెళ్తారు’ అని వాట్సాప్‌లో తిరిగేది ఢిల్లీ సంగతి. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు అనే హద్దు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి కోర్టులు పెట్టింది. వరంగల్‌కు అది వర్తించదు. 2021 ఆగస్టులో మొదలైన కేంద్ర పథకం పేరులోనే ‘స్వచ్ఛంద’ అని ఉంది. పదిహేనేళ్లు నిండగానే తప్పనిసరిగా తుక్కుకు పోయేవి ప్రభుత్వ వాహనాలే. మీ సొంత కారు ఫిట్‌గా ఉంటే, ఫీజు కడితే, ఆర్సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ అవుతుంది. ఏపీ 36 నంబరు మార్చనక్కర్లేదు కూడా. కాకపోతే ఆ ఫీజు ఇప్పుడు వాత పెడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు, జీఎస్టీ కాకుండా. గ్రీన్ ట్యాక్స్, పొల్యూషన్, చిన్నాచితకా కలిపి 25 వేలు పక్కన పెట్టుకోండి. అది అయ్యేదాకా బండిని రోడ్డెక్కించకండి, ఊరికి కూడా.

అసలు పని ఇక్కడుంది: ఆర్సీ మీ నాన్నగారి పేరు మీద ఉంది. ఈ స్థితిలో మీరు దాన్ని అమ్మలేరు, రెన్యువల్ చేయించలేరు, పద్ధతిగా స్క్రాప్‌కు ఇవ్వాలన్నా వారసత్వ కాగితాలు అడుగుతారు. ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరుతోనే నడుస్తుంటే, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర తలనొప్పి తప్పదు. యజమాని చనిపోతే వారసులు ఫారం 31తో మూడు నెలల్లో మార్పించుకోవాలి. మీకు రెండేళ్లయింది, ఆలస్య రుసుము పడుతుంది, పడనివ్వండి. డెత్ సర్టిఫికెట్, వారసుల ధ్రువీకరణ, మీ తమ్ముడో చెల్లెలో ఉంటే అభ్యంతరం లేదని వాళ్ల అఫిడవిట్ కావాలి.

దాన్ని మీ పేరు మీదకు కాదు, మీ అమ్మగారి పేరు మీదకు మార్పించండి. ఆమె కూడా మీలాగే వారసురాలు. పైగా ఆమె ఏమీ అనకపోవడానికి కారణం ఆ కారు ఎవరిదో ఎవరూ ఆమెను అడగకపోవడమే కావచ్చు. ఇందులో డబ్బు కూడా ఉంది. తెలంగాణలో ఒకరి పేరు మీద కారు ఉండగా రెండోది కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ. మీ 8 లక్షల కారు మీద అది 16 వేలు. ఎస్టీమ్ అమ్మ పేరు మీద ఉంటే, రేపు మీరు కొనేది మీకు మొదటి కారే అవుతుంది.

కాగితాలు తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో నా అనుభవం చెప్తాను. 2009లో మా నాన్న చేతక్‌ను ఇంటి ముందుకొచ్చిన పాత సామాన్లవాడికి మూడు వేలకు ఇచ్చేశాను. ఆర్సీ రద్దు చేయించాలన్న ఆలోచనే లేదు. రెండేళ్ల తర్వాత ఆ నంబరు ప్లేటు ఇంకో స్కూటరుకు తగిలించి ఉండగా పట్టుబడింది. ఆ స్కూటరు నాది కాదని చెప్పుకోవడానికి మూడుసార్లు స్టేషన్‌కు తిరిగాను. అప్పట్లో ఊళ్లో పద్ధతే అది. ఇప్పుడు అధీకృత స్క్రాపింగ్ కేంద్రానికిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ (ట్యాక్స్ రాయితీకి చూపించేది ఇదే) ఇస్తారు, రికార్డులో బండి రద్దవుతుంది. ఆ సర్టిఫికెట్ ఇంకొకరికి బదిలీ కూడా అవుతుంది. మీరు కొనకపోయినా, మీ బావమరిది కొంటుంటే అతనికి పనికొస్తుంది. ఎప్పుడు తుక్కుకిచ్చినా ఆటోనగర్‌లో కాటా వేసి డబ్బు చేతిలో పెట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకండి, వాళ్లు ఐదు వేలు ఎక్కువిస్తామన్నా సరే.

ఇప్పుడు ఉంచాలా వద్దా అన్నది. దీన్ని తేల్చేది నేను కాదు, మీ మిత్రులు కాదు, ఒక స్క్రూడ్రైవర్. ఎస్టీమ్‌ను లిఫ్ట్ మీదకు ఎక్కించమనండి. మ్యాట్లు, వాటి కింది ఫెల్ట్ తీసేసి డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్‌ను, డోర్ల కింది అంచులను, బానెట్ లోపల సస్పెన్షన్ బిగించిన చోటును స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి, మొనతో పొడిచి చూడమనండి. టంగుమంటే సరే. మెత్తగా చప్పుడై, ఎర్రటి పొడి రాలి, మొన లోపలికి దిగితే ఆ కారు పనైపోయినట్టే. దానిమీద ప్యాచ్ వెల్డింగ్ చేసి పెయింట్ కొడతామనేవాళ్ల మాట వినకండి. ఇంజిన్ ఎంత నున్నగా ఉన్నా ఫ్లోర్ పోయిన కారులో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. అప్పుడు బెంగ పెట్టుకోకుండా స్క్రాప్‌కు ఇచ్చేయండి. స్టీరింగ్ మీది బ్యాడ్జో, నాన్న వాడిన తాళంచెవో ఉంచుకోండి.

ఫ్లోర్ గట్టిగా ఉంటే, ఉంచేయండి. లెక్క చూడండి: లీటరుకు పాతది 12, కొత్తది 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. నెలకు 350 కిలోమీటర్లకు, లీటరు 107 రూపాయల చొప్పున, తేడా దాదాపు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి మిగుల్చుకోవడానికి నెలకు 10,620 కట్టడం మీకు గిట్టుబాటేనా? మీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, జీఎస్టీ కలిపితే 4,031. సర్వీసు, రిపేర్లకు ఏడాదికి 25 వేలు పెట్టుకోండి. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు ఆ కాలపు రబ్బరు పైపులు తట్టుకోకపోవచ్చు, కాబట్టి ఫ్యూయల్ పైపులు, ఫిల్టర్ ఈసారే మార్పించండి. పెద్ద ఖర్చేం కాదు.

కాకపోతే ఆ కారును ఆస్తిగా లెక్కేసుకోకండి. ‘రేటు పెరుగుతుంది, కలెక్టర్లు కొంటారు’ అని మీ వాళ్లు అంటే నవ్వి ఊరుకోండి. చట్టప్రకారం వింటేజ్ అనిపించుకోవడానికి యాభై ఏళ్లు నిండాలి. మీ ఎస్టీమ్‌కు అది 2055లో. అంతవరకు అది మీ ఇంట్లో ఒక ఖర్చు, మీరు ఇష్టపడి పెట్టుకునే ఖర్చు. మా ఇంట్లో నా పుస్తకాల ఖర్చు లాంటిదే, దాన్ని నేనెప్పుడూ పెట్టుబడి అనలేదు.

అసలు నాకు భయం వేసింది ఎఫ్‌డీ గురించి. ఆ 3 లక్షలే కదా మీ ఇంటికి అండ. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. వేసవిలో జీతం ఆగినా, అమ్మగారికి ఆస్పత్రి అవసరం పడినా ఉన్నది అదొక్కటే. దాన్ని షోరూంలో పోయకండి. ఈఎంఐ కట్టగలనన్న ధైర్యం మీకుంది కదా, ఆ 10,600 వచ్చే నెల నుంచే ఆర్‌డీలో వేయండి. ఆరున్నర శాతం వడ్డీతో మూడేళ్లకు దాదాపు 4 లక్షల 20 వేలు అవుతుంది. అప్పుడు ఎఫ్‌డీ ముట్టుకోకుండానే అది కట్టి, 5 లక్షల 30 వేలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 11,100 పడుతుంది. ఇంచుమించు ఇప్పుడు చెబుతున్న ఈఎంఐనే, రెండేళ్లు తక్కువ. ఈలోపు కారు ధర కొంత పెరగొచ్చు, పెరిగినంత మేర చిన్న కారు చూసుకోండి. ఏదైనా నెలలో ఆర్‌డీ కట్టలేకపోతే, ఈఎంఐ అయితే ఏమయ్యేదో అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క షరతు. ఎస్టీమ్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు. పగటిపూట ఊరికి వెళ్లి రావడం వరకే దాన్ని వాడండి. హైదరాబాద్ వెళ్లాలంటే కాజీపేటలో రైలెక్కండి, పెళ్లిళ్లకు కారు మాట్లాడుకోండి. ఏడాదికి పది, పన్నెండు వేలయినా అది ఈఎంఐలో ఒక నెల ముక్కే.

ఆర్టీఏకు వెళ్లే ముందు అమ్మగారి ఆధార్, నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఆర్సీ మూడూ ఒకచోట పెట్టి పేర్లు చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందూ ఇంకోదాంట్లో వెనకా ఉన్నా కౌంటర్లో తిప్పి పంపిస్తారు, మళ్లీ ఒక రోజు సెలవు పోతుంది.