నిమ్మకాయలు గాల్లో తేలుతున్నట్టు వస్తుంటే

రోజూ 6 అంగుళాల బోర్డు మీద నిమ్మకాయలు, ఇత్తడి చెంబు బొమ్మ ఆయిల్ పెయింట్‌తో వేస్తున్నా దేనికదే విడిగా తేలుతోందన్నారు కదా, తప్పు రంగులది కాదు, వెలుగుది. మీ ఫొటోలో చెంబుకి రెండు నీడలున్నాయి. ఒకటి కిటికీది, రెండోది ట్యూబ్‌లైట్‌ది.

1. ట్యూబ్‌లైట్ ఆపేయండి. ఉత్తరం కిటికీ ఉంటే అక్కడే కూర్చోండి. మీ కావలి ఊరి ఎండకి తూర్పు కిటికీ దగ్గర గంటలోనే నీడ జరిగిపోతుంది.

2. వస్తువుల్ని దగ్గరికి జరపండి. ఒక కాయ చెంబు వెనక సగం దాగాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే. రంగు పిండకముందు పెన్సిల్‌తో అగ్గిపెట్టెంత స్కెచ్‌లు మూడు గీయండి. కళ్ళు సగం మూసి చూడండి. ముదురు, లేత, రెండే ఉండాలి. చెంబు చీకటి వైపు, దాని నీడ, దాన్ని ఆనుకున్న కాయ చీకటి వైపు అన్నీ కలిసి ఒకే ముద్ద. మధ్యలో గీతలు వద్దు. ఆ ముద్ద ఎక్కడో ఒకచోట బోర్డు అంచుని తాకేలా చూడండి. మూడింట్లో ఏదీ నచ్చకపోతే వస్తువుల్నే మార్చండి, బోర్డు ముట్టుకోవద్దు.

4. నచ్చినదాన్ని పల్చటి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు)తో బోర్డు మీదకి ఎక్కించి, ఆపైన రంగులు వేయండి. నిమ్మ నీడకి పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చగా మారుతుంది. కొద్దిగా అంబర్ చాలు.

ఇత్తడి మొదట్లో చాలా సతాయిస్తుంది, గదంతా అందులోనే కనపడుతుంది. కొన్నాళ్ళు దాని బదులు ఉదయగిరి చెక్క గరిటె పెట్టుకోండి.