గేర్లు లేని సైకిల్ మీద నెల్లిమర్ల, రామతీర్థం

విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు ఒక పూట నిదానంగా తిరిగి రావాలి, ఇంట్లో ఉన్నది గేర్లు లేని పాత 28 అంగుళాల సైకిలు, సరిపోతుందా అని అడిగారు. నిక్షేపంగా సరిపోతుంది, దారి దాదాపు చదునే. పాలకొండ రోడ్డు పట్టి రమారమి 8 కిలోమీటర్లు పోతే నెల్లిమర్ల, అక్కణ్ణుంచి తూర్పుగా మరో 5 పోతే రామతీర్థం. ఊళ్లో తిరుగుళ్లు కలిపినా రానూపోనూ 30 దాటదు. గంటకు 12 చొప్పున తొక్కుడు రెండున్నర గంటలే, మిగతాది ఆగడానికి.

ఐదున్నరకల్లా బయల్దేరండి. పాలకొండ రోడ్డు మీద లారీలు, ఆటోలు పెరగకముందే దాటిపోవాలి. ఎండాకాలం పొద్దెక్కాక నైరుతి గాలి లేస్తే తిరుగుదారిలో అది ఎదురుగాలే. అందుకని ముందు రామతీర్థం ముగించుకుని, వచ్చేటప్పుడు నెల్లిమర్లలో ఆగండి. వెళ్లేటప్పుడు తూర్పు ఎండ మొహాన కొడుతుంది, అంచున్న టోపీ కావాలి.

ఈ సైకిళ్లతో అసలు తంటా పంక్చర్ కాదు, వాల్‌ట్యూబ్, అంటే వాల్వు పిన్నుకి తొడిగే సన్నటి రబ్బరు గొట్టం. రాత్రి గాలి కొట్టిన టైరు పొద్దుటికి మెత్తబడితే వెంటనే ట్యూబ్ ఊడదీయకండి. వాల్వు మూతి మీద తడి వేలు పెట్టండి, బుడగ లేస్తే లోపలి ఆ గొట్టం ఎండకు పగిలినట్టే. వాల్వు పిన్ను బయటికి తీసి, పాత రబ్బరు గీకేసి, కొత్త ముక్క తడిపి తొడగండి. పిన్ను పక్కనున్న చిన్న రంధ్రం పూర్తిగా కప్పుకోవాలి, పొట్టి ముక్క వేస్తే మళ్లీ కారుతుంది. రెండు ముక్కలు జేబులో ఉంటే చాలు, బరువూ లేదు, ఖరీదూ లేదు.

గాలి ముందు టైరుకి 45, వెనక దానికి 50 పిఎస్‌ఐ. గేజీ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కండి, కొంచెం మాత్రమే దిగాలి. రోడ్డు వార మట్టిలోకి దిగితే తుమ్మముల్లు ఖాయం. ముల్లు గుచ్చుకుంటే పీకేముందు ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. టైరు లోపలి వైపు బట్టతో తడిమి మొన విరిగి ఉందేమో చూడకుండా ప్యాచీ వేస్తే, కిలోమీటరు పోకముందే అక్కడే మళ్లీ పంక్చర్.

రామతీర్థంలో కొండ కిందున్న రాముడి గుడి దగ్గర సైకిలుకి తాళం వేసి నడవాలి. బోధికొండకు మెట్లున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపం, విహారాల ఇటుక పునాదులున్నాయి, పైకి వెళ్లేది కాలిబాట. అరిగిన చెప్పులతో ఎక్కొద్దు, నీళ్లు లీటరు తక్కువ కాకుండా తీసుకెళ్లండి.

నెల్లిమర్ల జ్యూట్ మిల్లుని బయటినుంచే చూడాలి. మెట్టల్లో పండే గోగు (గోనె నార ఇచ్చే మొక్క), చంపావతి నది నీరు, 1890ల్లో పడిన రైలు దారి, మూడూ ఒక్కచోట దొరికిన ఊరు. ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోనెకు గిరాకీ పడిపోయింది, మిల్లు పలుమార్లు లాకౌట్ అయింది. తిండిగింజలకు గోనెసంచులే వాడాలని 1987లో కేంద్రం చేసిన చట్టమే జ్యూట్ మిల్లులకు పెద్ద ఆసరా. రేషన్ బియ్యం 50 కిలోల సంచి చూశారు కదా, ఆ రకం ఖాళీ సంచి బరువు 580 గ్రాములు. గేటు దగ్గర ఫొటో తీసేముందు వాచ్‌మన్‌ని అడగడం మర్యాద.

సెప్టెంబరు చివర నుంచి నవంబరు లోపు వెళ్తే చెరువుల్లో గోగు కట్టలు నానుతూ కనిపించొచ్చు. వాసన భరించాలి మరి! 15, 20 రోజులు నానాక కాడ మొదట్లో గిల్లితే నార పుల్ల నుంచి జారిపోవాలి, అప్పుడే ఒలవడం. ఆలస్యమైతే నార పుటుక్కున తెగుతుంది. మునగడానికి మట్టిబెడ్డలు పెడితే నార నల్లబడి ధర తగ్గుతుంది, రాళ్లు నయం.

అది వానల కాలం కూడా కనక ఒక మాట. ఈ పాత సైకిళ్లకుండే రాడ్ బ్రేకులు (తీగ బదులు ఇనుప కడ్డీలతో లాగేవి) తడిసిన రిమ్ము మీద వెంటనే పట్టవు, మొదటి రెండు మూడు చుట్లు నీళ్లు తుడవడానికే సరి. ముందున్న ఆటోకి ఎప్పటికంటే రెండింతల ఎడం ఉంచండి.