తరుగు లెక్క తేలితేనే కొత్త కణం

హిగ్స్ బోసాన్ గురించి గత నెల రాసిన జవాబు చివర ఒక మాట అన్నాను, ‘సూపర్‌సిమెట్రీ కణాలు మాత్రం ఇంతవరకూ దొరకలేదు’ అని. ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే వచ్చాయి. హిగ్స్ పాపం ఎవరికీ పట్టలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దొరకని వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ‘ప్రతి కణానికీ ఒక జోడీ ఉందట’ అంటున్నాడు. నేను బీఎస్సీ చదివిన రోజుల్లో ఇవేమీ లేవు. ఏమిటివి?
– ఒక గృహిణి, రాజోలు

జవాబు: మీరు చదివిన రోజుల్లోనూ ఉన్నాయమ్మా, సిలబస్‌లోకి రాలేదంతే. 1971లో సోవియట్ శాస్త్రవేత్తలు గోల్ఫాండ్, లిఖ్‌ట్‌మన్ ఈ ఆలోచనకు గణితం రాశారు. 1974లో వెస్, జుమినో దాన్ని అందరి దృష్టికీ తెచ్చారు. ఎలక్ట్రాన్, క్వార్కుల్లాంటి పదార్థ కణాలు ఒక జాతి, అవి ఫెర్మియాన్లు. ఫోటాన్, గ్లూయాన్ లాగా బలాన్ని మోసేవి ఇంకో జాతి, అవి బోసాన్లు. ఈ జాతిలో ఉన్న ప్రతిదానికీ ఆ జాతిలో ఒక జోడీ ఉండాలన్నదే సూపర్‌సిమెట్రీ. ఎలక్ట్రాన్‌కు సెలెక్ట్రాన్, క్వార్కుకు స్క్వార్కు, గ్లూయాన్‌కు గ్లూయినో. జోడీల బరువు కూడా సమానమైతే సెలెక్ట్రాన్ ఎప్పుడో దొరికిపోయేది. దొరకలేదు కాబట్టి, అవి ఉంటే గింటే బాగా బరువైనవి అయ్యుండాలి.

ఇంత సరంజామా ఎందుకంటే, హిగ్స్ బరువు 125 జీఈవీ (కణాల బరువుకు కొలమానం, ప్రోటాన్ బరువు సుమారు ఒక జీఈవీ) దగ్గరే ఎందుకు ఆగిందో మామూలు సిద్ధాంతం తృప్తిగా చెప్పలేదు. ఈ జోడీలు ఉంటే, దాని బరువును పైకి నెట్టే లెక్కలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా వీటిలో అన్నిటికన్నా తేలికైనది విశ్వంలో మామూలు పదార్థం కంటే ఐదు రెట్లు ఉన్న, కంటికి కనపడని కృష్ణ పదార్థం కావచ్చన్న ఆశ ఒకటి.

ప్రశ్న: ఏమండీ, ఆ సూపర్‌సిమెట్రీ కణం యంత్రానికి కనపడదంటారు, కనపడకపోవడమే గుర్తంటారు. లేనిదాన్ని చూసి ఉందని ఎలా చెబుతారండీ? నేను వరి రైతుని, నాకు అర్థమయ్యేలా చెప్పండి.
– ఒక రైతు, మండపేట దగ్గర

జవాబు: మీకు సగం తెలిసిన సంగతేనండి ఇది. కళ్లంలో బస్తా 75 కిలోల లెక్కన కట్టి పంపిస్తారు. కాటా దగ్గరకు వెళ్లేసరికి తూకం తగ్గుతుంది. తేమ 17 శాతం దాటిందని కొంత, తాలు అని కొంత, మట్టిబెడ్డలని కొంత, గోనెసంచి బరువని కొంత కోస్తారు. ఇవన్నీ మీరే విడివిడిగా కొలిచి, కలిపి చూసుకున్నాక కూడా లోటు మిగిలితే అప్పుడు గట్టిగా నిలదీయొచ్చు. తేమ కొలవకుండా పోట్లాటకు దిగితే మీ మాట ఎవరూ వినరు. జెనీవా పక్కన, సెర్న్ అనే కణ పరిశోధన సంస్థలో, నేల కింద జరిగేదీ ఈ తరుగు లెక్కే.

అక్కడ 27 కిలోమీటర్ల చుట్టు సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా తెచ్చి గుద్దిస్తారు. వాటి పరుగంతా గొట్టం వెంటే. పక్కకు ద్రవ్యవేగం దాదాపు సున్నా. కాబట్టి గుద్దుకున్నాక పక్కలకు ఎగిరిన ముక్కల ద్రవ్యవేగాలన్నీ, దిశతో సహా, కలిపితే మళ్లీ సున్నాయే రావాలి. గొట్టం పొడవునా ఈ లెక్క పనికిరాదు. నిజంగా గుద్దుకునేది ప్రోటాన్ లోపలి క్వార్కులో గ్లూయాన్లో, ఏది ఎంత వాటాతో వచ్చిందో ముందుగా తెలీదు, మిగతా శకలాలు గొట్టంలోంచే జారిపోతాయి. అందుకే అడ్డంగా మాత్రమే లెక్క కడతారు.

రెండు గ్లూయినోలు పుట్టాయనుకుందాం. ఒక్కొక్కటీ రెండు క్వార్కులుగా, ఒక న్యూట్రలినోగా (సూపర్‌సిమెట్రీ కణాల్లో అన్నిటికన్నా తేలికైనదని అనుకునేది) విడిపోవచ్చు. ఆ నాలుగు క్వార్కులూ నాలుగు కణాల జల్లులై, చుట్టూ ఉండే డిటెక్టర్ అనే కొలిచే యంత్రంలో శక్తి వదులుతాయి, వాటిని జెట్‌లంటారు. న్యూట్రలినోలు రెండూ దేన్నీ తాకకుండా, 14,000 టన్నుల సీఎంఎస్ అనే డిటెక్టర్‌ని దాటి వెళ్లిపోతాయి. కూడిక సున్నాకి రాదు. అదీ తరుగు.

చిక్కేమిటంటే, తరుగు వచ్చిన ప్రతిసారీ దొంగ ఉన్నట్టు కాదు. న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు కూడా ఇలాగే చెప్పకుండా వెళ్లిపోతాయి. బలాన్ని మోసే జాతిలోదే జెడ్ బోసాన్, అది పుట్టిన ప్రతి ఐదుసార్లలో ఒకసారి రెండు న్యూట్రినోలుగా మారుతుంది. దాని పక్కన ఒక జెట్ ఉంటే, చూడ్డానికి అచ్చం మనం వెతుకుతున్న ఘటనే. మరి ఇలాంటివి ఎన్ని వచ్చాయో ఎలా తెలుస్తుంది? ఇక్కడ వాళ్లు చేసే పని నాకు భలే నచ్చుతుంది. అదే జెడ్ బోసాన్ కొన్నిసార్లు రెండు మ్యూయాన్లుగా విడిపోతుంది, అవి ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టాలు, చక్కగా కనపడతాయి. ఆ ఘటనలను ఏరి, వాటిలోంచి మ్యూయాన్లను కావాలని చెరిపేస్తారు. ఇప్పుడు అక్కడ ఎంత శక్తి తగ్గినట్టు కనిపిస్తుందో చూస్తారు. జెడ్ ఎన్నిసార్లు మ్యూయాన్లవుతుందో, ఎన్నిసార్లు న్యూట్రినోలవుతుందో ముందే తెలుసు కాబట్టి, ఆ నిష్పత్తితో హెచ్చవేస్తే న్యూట్రినోల తరుగు తేలిపోతుంది. డబ్ల్యూ బోసాన్, టాప్ క్వార్కు, సరిగా కొలవని జెట్, పనిచేయని ఒక సెన్సర్, పైనుంచి వచ్చి పడే కాస్మిక్ కిరణం... ఒక్కోదానికీ ఒక్కో పద్దు. అన్నీ తీసేశాక మిగిలిందే అసలు ప్రశ్న.

తరుగుని నమ్మి కణాన్ని ఊహించడం కొత్త కాదండి. బీటా క్షయంలో (కేంద్రకం ఎలక్ట్రాన్‌ను వదిలి మారడంలో) శక్తి లెక్క తగ్గుతోందని 1930లో పౌలీ, కనపడని కణమేదో తీసుకెళ్తోందన్నాడు. న్యూట్రినో నిజంగా పట్టుబడింది 1956లో.

ప్రశ్న: ఈ లెక్కలో ఎప్పుడైనా బోల్తా పడ్డారా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పాలకొల్లు

జవాబు: పద్దులు చూసిన చెయ్యి కదండీ, అడగాల్సిందే అడిగారు. పడ్డారు. 1984లో, అదే సెర్న్‌లో, యూఏ1 అనే ప్రయోగం ఒకే ఒక్క జెట్, ఎదురుగా ఏమీ లేని ఘటనలు కొన్ని చూసింది. అంతకు ముందు ఏడాదే డబ్ల్యూ, జెడ్ బోసాన్లను పట్టిన బృందం అది, మంచి ఊపు మీద ఉంది. సూపర్‌సిమెట్రీ దొరికేసిందని చాలామంది ఆశపడ్డారు. తర్వాత తీరిగ్గా కూర్చుని కూడితే, తెలిసిన కారణాలే చిన్నచిన్నవి అరడజను కలిసి ఆ లోటంతా పూడ్చేశాయి. ఏ ఒక్కటీ పెద్దది కాదు, అందుకే కంటికి ఆనలేదు. ఆడిట్‌లో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టినవీ చిల్లర పద్దులే అయ్యుంటాయి.

2015 డిసెంబరులో ఇంకోటి జరిగింది. అట్లాస్, సీఎంఎస్ అనే రెండు డిటెక్టర్లలోనూ 750 జీఈవీ దగ్గర ఫోటాన్ జంటలు కాస్త ఎక్కువ కనిపించాయి. సిద్ధాంతకర్తలు కొన్ని నెలల్లోనే వందల పత్రాలు రాసి పడేశారు. 2016 ఆగస్టుకు మరింత డేటా వచ్చి, ఆ ఉబ్బు కాస్తా అణిగిపోయింది. అయితే ఇక్కడ ప్రయోగాల వాళ్లను తప్పు పట్టలేం. ‘కనుక్కున్నాం’ అని వాళ్లెప్పుడూ అనలేదు. ఐదు సిగ్మా ఉంటే తప్ప ఆ మాట అనరు. అంటే, కొత్త కణమేదీ లేకపోయినా యాదృచ్ఛికంగా అంత తేడా వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. కొత్త కణం ఉండొచ్చనుకున్న చోటి డేటాను ముందు తెరవరు. తరుగు పద్దులన్నీ పక్క ప్రాంతాల్లో సరిచూసి, లెక్క ఖాయం చేసుకున్నాకే తెరుస్తారు. చూశాక లెక్క మార్చడం కుదరదు.

ప్రశ్న: మనదేశం అందులో ఏమైనా చేసిందా? నాకు లారీ షెడ్డు ఉంది.
– రావులపాలెం

జవాబు: మీకు బాగా తెలిసిన వస్తువే పంపాం. జాకీలు! ఆ సొరంగంలో ప్రోటాన్ల దారి వంచే పెద్ద అయస్కాంతాలు 1,232 ఉన్నాయి. ఒక్కోటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. ఒక్కో అయస్కాంతం మూడు జాకీల మీద కూర్చుంటుంది, వెంట్రుక మందంలో తేడా వచ్చినా సరిచేసేలా. మిగతా అయస్కాంతాలవీ కలుపుకుని దాదాపు 7,000 జాకీలు భారత్ నుంచి వెళ్లినవే. ఇండోర్‌లోని అణుశక్తి విభాగం సంస్థ ఆ పని నడిపించింది. బరువు ఎత్తడం తేలికే, ఎత్తిన చోటనే ఏళ్ల తరబడి కదలకుండా నిలపడం కష్టమని మీకు నేను చెప్పక్కర్లేదు. డేటా విశ్లేషణలో ముంబై టీఐఎఫ్ఆర్, కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ లాంటివి ఉన్నాయి. 2017 నుంచి మనది సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. సూపర్‌సిమెట్రీని కొలైడర్లలో ఎలా వెతకాలన్నదాని మీద దశాబ్దాలు పనిచేసిన రోహిణీ గోడ్బోలే బెంగళూరులోనే ఉండేవారు. 2024లో పోయారు.

ప్రశ్న: గుద్దించీ గుద్దించీ భూమిని మింగే కృష్ణబిలం పుడితే?
– తణుకు

జవాబు: పుట్టదు. అంతకన్నా ఎక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కిరణాలు కోట్ల ఏళ్లుగా మన నెత్తిన పడుతూనే ఉన్నాయి.

ప్రశ్న: ఇన్నేళ్లు వెతికినా దొరకలేదంటే లేనట్టే కదండీ? మా చెరువులో రొయ్య లేకపోతే రెండో రోజుకే ఏరియేటర్లు ఆపేస్తాం. వీళ్లు ఆపరేం?
– ఆక్వా రైతు, భీమవరం

జవాబు: మీ టెన్షన్ న్యాయమే, కరెంటు బిల్లు కట్టేవారు మీరు. ముందు ఏం తేలిందో చెప్తాను. 2010లో 7 టీఈవీ శక్తి (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) దగ్గర గుద్దుళ్లు మొదలయ్యాయి, 2022 నుంచి 13.6 టీఈవీ. గ్లూయినోలు సుమారు 2 టీఈవీ లోపు, అంటే ప్రోటాన్‌కు రెండు వేల రెట్ల బరువు దాకా, తేలిగ్గా దొరికే రకంలో లేవని తేలింది. టాప్ క్వార్కు జోడీ 1 టీఈవీ పైదాకా అలాగే. 2010కి ముందు, ‘రెండు మూడేళ్లలో దొరుకుతాయి’ అని ధీమాగా చెప్పినవాళ్లు చాలామంది ఇప్పుడు మాట్లాడ్డం లేదు.

కానీ ‘తేలిగ్గా దొరికే రకం’ అన్నానే, అందులోనే మెలిక ఉంది. బరువైన కణానికీ, అది విడిపోయి ఇచ్చే న్యూట్రలినోకీ బరువులో తేడా తక్కువైతే, పక్కకు పోయే శక్తి కొంచెమే ఉంటుంది. తరుగు కనపడదు. హిగ్స్‌కు జోడీలైన హిగ్సినోలు ఈ కోవలో ఉండొచ్చు, వాటి మీద పరిమితులు ఇంకా బలహీనమే. ఇంకో రకం, కాసేపు బతికి దారి మధ్యలో మాయమయ్యేవి. డిటెక్టర్‌లో వాటి జాడ మొదలై సగంలో తెగిపోతుంది. ఇంకో చిక్కు, అక్కడ సెకనుకు 4 కోట్ల సార్లు ప్రోటాన్ల గుంపులు ఎదురుపడతాయి. అందులో వెయ్యి, రెండు వేల ఘటనలు ఉంచుకుని మిగతావి వదిలేస్తారు. మొదటి వడపోతకు ఉండే వ్యవధి కొన్ని మైక్రోసెకన్లు. వింత ఘటనలు ఆ వడపోతలోనే పోకుండా ఇప్పుడు కొత్త పద్ధతులు పెడుతున్నారు.

నా అభిప్రాయం అడిగితే, పుస్తకాల్లో గీసి చూపించిన ఆ ముచ్చటైన, తేలికపాటి సూపర్‌సిమెట్రీ ఇక లేనట్టే. దాని మీద నేనైతే రూపాయి పందెం కాయను. కానీ వెతకడం ఆపమని కూడా అనను. యంత్రం నడిచేది దీని ఒక్కదానికోసం కాదు, హిగ్స్ కొలతలకూ అదే డేటా. ఇంటర్నెట్‌లో వెబ్ అక్కడే పుట్టింది కాబట్టి ఖర్చు గిట్టిందనే వాదన మాత్రం నాకు రుచించదు. వెబ్ కోసం సొరంగం తవ్వక్కర్లేదు కదా. ఇంకొక సంగతి, రేపు తరుగు నిజంగా తేలినా కృష్ణ పదార్థం దొరికిందని వెంటనే అనలేరు. డిటెక్టర్ దాటేదాకా ఆ కణం బతికిందని మాత్రమే తెలుస్తుంది. విశ్వం వయసంతా బతుకుతుందో లేదో వేరే ప్రయోగాలు చెప్పాలి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఇంటర్ రెండో ఏడాది. ఈ పని చేయాలంటే ఏం చదవాలి? ఇంట్లో అందరూ ఇంజినీరింగే అంటున్నారు.
– విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఐఐఎస్ఈఆర్‌లు (సైన్స్ చదివించే కేంద్ర సంస్థలు) చూడమ్మా, తిరుపతిలోనూ ఒకటుంది. డిగ్రీలో ఫిజిక్స్ చేసి, జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి ఐఐటీలకు వెళ్లే దారి ఇంకోటి. ఐఐటీ మద్రాస్, పుణె ఐఐఎస్ఈఆర్ సీఎంఎస్‌లో ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివినా ఈ తలుపు మూసుకుపోదు. డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ చేసేది వాళ్లే, ఇంట్లో ఆ మాట చెప్పు.

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. సీఎంఎస్ తన డేటాను 2014 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది, సెర్న్ ఓపెన్ డేటా అని వెతుకు. రెండు మ్యూయాన్ల ఘటనల చిన్న ఫైళ్లు ఉంటాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటాయి. పైథాన్ కాస్త వస్తే చాలు. వ్యతిరేక ఛార్జీలున్న జంటలను ఏరి, ఒక్కో జంట ద్రవ్యరాశి కట్టి, హిస్టోగ్రామ్ గియ్యి. 3 జీఈవీ దాటాక సన్నటి శిఖరం ఒకటి వస్తుంది, అది జె-సై అనే కణం. 91 దగ్గర వెడల్పుగా వచ్చేది జెడ్, పైన రైతు గారికి చెప్పానే, అదే. రాకపోతే కోణాలను డిగ్రీలనుకుని లెక్క కట్టావేమో చూడు, ఆ ఫైళ్లలో అవి రేడియన్లలో ఉంటాయి.