పుట్టింటి పేరు వెతికేటప్పుడు

చి.ల.సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మీ ఆయన తాతగారి నాయనమ్మ పుట్టింటివారెవరో వెతకాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీ (మన జిల్లా వంటిది) గ్రంథాలయంలో చాలాకాలం ఈ పాత కాగితాల మధ్యే పనిచేసినదాన్ని కనుక చెబుతున్నాను, ఆవిడ పేరు పట్టుకుని మొదలుపెట్టవద్దు. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయేది. పైగా మనవాళ్ళు లక్ష్మిని లచ్చి అన్నట్టే అక్కడ మేరీని పాలీ అనీ, మార్తాను ప్యాట్సీ అనీ రాసేవారు. ముందుగా ఆవిడ పిల్లలందరి జాబితా తయారుచేసుకో. ఒహాయోలో 1908 డిసెంబరు 20 నుంచి మరణాల నమోదు రాష్ట్రస్థాయికి వచ్చింది. ఆ తరువాత అక్కడ పోయిన బిడ్డల మరణ పత్రాల్లో తల్లి పుట్టింటి పేరుకు ఒక గడి ఉంటుంది. ఆ వివరం చెప్పేది ఒక్కోసారి ఏ అల్లుడో కోడలో కనుక, ఒక్క పత్రాన్నే నమ్మక తోబుట్టువులందరివీ తెప్పించి పోల్చి చూడు.

జనాభా లెక్కల్లో 1850కి ముందు సాధారణంగా ఇంటి యజమాని పేరు తప్ప మరెవరి పేరూ రాయలేదు. 1850లో బానిసలు కాని స్వతంత్రులందరి పేర్లూ, 1880లో యజమానితో వారి బంధుత్వమూ చేరాయి. ఆ బంధుత్వం యజమానితోనే తప్ప అతని భార్యతో కాదన్నది మరచి, ఆవిడే పిల్లల కన్నతల్లి అనుకుని నేనొకసారి రెండేళ్ళు తిరిగాను. రెండో భార్య అని చివరకు వివాహ రిజిస్టరులో బయటపడింది. 1890 లెక్కలు 1921 నాటి వాషింగ్టన్ అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపుగా మిగలలేదు. ఆ నష్టం ఆడపిల్లల విషయంలోనే ఎక్కువ: 1881లో పుట్టి 1900 లెక్కలకు ముందే పెళ్ళైన అమ్మాయి తండ్రి ఇంటి జాబితాలో ఎక్కడా కనిపించదు.

నువ్వు వెతికే ఆవిడ భర్త అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసి, ఆవిడకన్నా ముందు పోయి ఉంటే, వితంతు పింఛను కాగితాలు తప్పక చూడు. సేవ కారణంగా మరణించిన సైనికుల భార్యలకు 1862 జూలై 14 నాటి చట్టం పింఛను కల్పించింది. 1890 చట్టం దాన్ని మరెందరికో విస్తరించింది. అది పొందాలంటే పెళ్ళినీ, పిల్లల పుట్టుకనూ ఋజువు చెయ్యాలి. పత్రాలు లేనిచోట మంత్రసానులు, ఇరుగుపొరుగువారు, స్వయానా అన్నదమ్ములు ప్రమాణం చేసి వాంగ్మూలాలిచ్చేవారు. కొందరు కుటుంబ బైబిలులో జననాలు రాసుకున్న పుటను చించి జతపరిచేవారు. ఆవిడను చిన్ననాటి నుంచి ఎరిగిన సాక్షి దొరికితే పుట్టిన ఊరు దొరికినట్టే. ఆ దస్త్రాలు వాషింగ్టన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఇతర దస్తావేజుల్లో మౌనంగా ఉండే ఇల్లాలు ఇక్కడ తన నోటితో తన కథ చెబుతుంది. అందుకే నాకు ఇవంటే పక్షపాతం.

తండ్రి వీలునామా, ఆయన పోయాక అన్నదమ్ములు పొలం అమ్మిన దస్తావేజు కూడా విడిచిపెట్టకు. వాటాదారులైన ఆడపిల్లలు అత్తింటి పేర్లతో, భర్తలతో కలిసి సంతకం చేసేవారు. రాయడం రానివారు ఇంటూ గుర్తు పెట్టేవారు.

మరణ పత్రాలు చేతికి రాగానే కౌంటీ పేరు రాసి పంపు. దస్తావేజుల సూచిక చూసే పద్ధతి అప్పుడు వివరంగా రాస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య