మూడు నెలలు థాయిలాండ్ వెళ్ళాలనుంది, నాది స్వార్థమా?

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. మావారు పోర్టులో పనిచేస్తారు. పక్షవాతంతో పద్నాలుగేళ్ళు మంచంలో ఉన్న మా అత్తగారు ఎనిమిది నెలల క్రితం పోయారు. ఆవిడకు అన్నీ నేనే చేశాను. పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. రెండేళ్ళుగా ధ్యానం చేస్తున్నాను. థాయిలాండ్‌లోని సువాన్ మోక్ అనే బౌద్ధ ఆశ్రమంలో పది రోజుల మౌన శిబిరం చేసి, మొత్తం మూడు నెలలు ఆ దేశంలోనే ఆశ్రమాల్లో గడపాలని ఉంది. ఖర్చుకు మా అమ్మ పెట్టిన గాజులు అమ్ముదామనుకుంటున్నాను. మావారు "సింహాచలం కొండ ఎదురుగా పెట్టుకుని దేశాలు పట్టిపోతావా" అంటున్నారు. మా ఆడపడుచు "అమ్మ పోయి ఏడాదైనా కాలేదు, వదినకి అప్పుడే రెక్కలొచ్చాయి" అందట. రోజూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. ఆత్మ మేల్కొంటోందనడానికి అది గుర్తని మా ధ్యానం గ్రూపులో ఒకావిడ చెప్పారు. ఒక్కోసారి అత్తగారు పిలిచినట్టు వినిపిస్తుంది. నేను అక్కడే ఉండిపోయినా ఇక్కడ ఎవరికీ లోటుండదు అనిపిస్తుంది. నాది స్వార్థమా?

జవాబు: అమ్మా, స్వార్థం కాదు. మీ ఉత్తరం పొడుగునా ఈ భయమే కనిపించింది కాబట్టి ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. పద్నాలుగేళ్ళు ఒక మనిషికి ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, పక్కలు మార్చిన మీరు మూడు నెలలు మీకోసం అడగడం ఎక్కువేమీ కాదు. మీరు వెళ్ళాలనే నేనూ కోరుకుంటున్నాను. కాకపోతే ఇప్పుడున్న స్థితిలో వద్దు, ఒకేసారి మూడు నెలలూ వద్దు. ఎందుకో చెబుతాను.

అత్తగారికి రాత్రిపూట ఏ వేళకు పక్క మార్చేవారు? మంచం పట్టినవాళ్ళకు పుండ్లు పడకుండా రెండు మూడు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి. అన్నేళ్ళు మీరు ఆ వేళకు లేచే ఉంటారు. ఆవిడ పోయారు కానీ మీ ఒంటికి ఆ డ్యూటీ ఇంకా దిగలేదు. దానికి తోడు దుఃఖంలోనూ డిప్రెషన్‌లోనూ తెల్లవారకముందే మెలకువ వచ్చి, ఆపైన నిద్ర పట్టకపోవడం డాక్టర్లు రోజూ వినే లక్షణం. దగ్గరివాళ్ళు పోయినప్పుడు వాళ్ళు పిలిచినట్టు అనిపించడం కూడా చాలామందికి జరుగుతుంది. దానికే ఏదో అయిపోయిందని బెదరకండి. బ్రహ్మముహూర్తంలో లేచి ధ్యానానికి కూర్చునే అలవాటు మనలో ఉన్నదే, గ్రూపులో ఆవిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట విని మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారేమోనన్నది నా భయం. నెలల తరబడి నిద్రలేని మనిషికి ముందు నిద్ర కావాలి.

ఇంకొకటి సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. "ఎవరికీ లోటుండదు" అని రాసేటప్పుడు మీ మనసులో ఉన్నది ఆశ్రమంలో ఉండిపోవడమేనా? బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తుంటే ప్రయాణం సంగతి పక్కన పెట్టి ఈరోజే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు. పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు చేసినా పలుకుతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల మీ కాలనీకి దగ్గరే. అక్కడికి వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. అలాంటి ఆలోచనలు లేకపోయినా, నిద్ర గురించీ వినిపించే గొంతు గురించీ ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.

ఇదంతా తేలకుండా మౌన శిబిరం ఎందుకు వద్దంటున్నానంటే, సువాన్ మోక్‌లో తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. చాప మీద, చెక్క దిండు మీద పడుకోవాలి. పది రోజులు మాటలుండవు, ఫోన్ ఉండదు. కుదురుగా ఉన్నవాళ్ళకు ఆ నియమాలు మంచి చేస్తాయి. దుఃఖం లోపలే అణిగి ఉన్నవాళ్ళకు మాత్రం, చేయడానికి పనీ, మాట్లాడటానికి మనిషీ లేనప్పుడు అదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. నిద్ర ఇంకా చెడిపోయినవాళ్ళూ, భయాలు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. భాష రాని దేశంలో, తెలిసినవాళ్ళెవరూ లేనిచోట మీకది జరగకూడదు. అత్తగారి కోసం మీరు ఏడ్చారా, అమ్మా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

అక్కడే ఉండిపోదామనుకుంటే ఒక విషయం తెలుసుకోండి. థాయిలాండ్ బౌద్ధ సంఘం ఆడవాళ్ళకు భిక్షుణి దీక్ష ఇవ్వదు. దాన్ని నిషేధిస్తూ 1928లో ఇచ్చిన ఆదేశం ఇప్పటికీ నడుస్తోంది. గుండు చేయించుకుని, తెల్లబట్టలు కట్టి, ఎనిమిది శీలాలు, అంటే నియమాలు, పాటించే ఆడవాళ్ళను అక్కడ మే చీ అంటారు. చాలా ఆశ్రమాల్లో వంటా, ఊడ్పూ వాళ్ళ మీదే ఉంటుంది. పద్నాలుగేళ్ళు ఆ పనే చేసి వెళ్తున్న మీకు ఇది ముందే తెలియాలి.

ఇక మీవారు. మీ ఉత్తరంలో ఆయన అడ్డుపడే మనిషిగానే కనిపించారు. ఆయనకు తల్లి పోయి ఎనిమిది నెలలే అయింది. ఇల్లు ఆయనకూ బోసిపోయింది. ఇప్పుడు మీరూ వెళ్తానంటున్నారు, తిరిగొస్తారో లేదో ఆయనకు తెలియదు. "నువ్వు లేకపోతే నాకు భయం" అని చెప్పడం రాక సింహాచలం కొండను అడ్డం పెట్టి ఉండొచ్చు. అన్ని రాత్రుల్లో ఆయన ఎన్నిసార్లు లేచి తల్లి పక్క మార్చారన్నది మీ ఇద్దరికే తెలుసు. ఆ కోపం మీలో ఉంటే వెళ్ళేముందు ఆయనతోనే చెప్పండి, అది కడుపులో పెట్టుకుని మౌనానికి కూర్చోలేరు. కాపురం మీదే విసుగు వచ్చి ఉంటే దాన్ని వేరే విషయంగా మాట్లాడుకోండి. థాయిలాండ్ వెళ్ళి అక్కడి నుంచి తిరిగి రాకపోవడం ద్వారా ఆ సంగతి తెలియజేయకండి. ఆడపడుచుకు మీరు జవాబు చెప్పక్కర్లేదు. అది మీవారి పని.

"మన దగ్గర లేనిదేముంది" అని ఆయన మళ్ళీ అంటే, ఒక ఆదివారం ఇద్దరూ తొట్లకొండకు వెళ్ళండి. భీమిలి రోడ్డులో సముద్రం మీదికి చూస్తూ ఉండే ఆ కొండ మీద రెండువేల ఏళ్ళ నాడే బౌద్ధ భిక్షువులు ఉన్నారు. ధర్మం కోసం సముద్రం దాటడం మన తీరానికి కొత్త కాదు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందీ ఉంది. బర్మాలోని మాండలేలో పుట్టిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా తీవ్రమైన తలనొప్పితో అక్కడి ధ్యాన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళి విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్చుకున్నారు. 1969లో ఇండియా వచ్చింది జబ్బుగా ఉన్న తల్లికి దాన్ని నేర్పడానికి. మీవారికి ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.

అత్తగారి సంవత్సరీకం ఇంకో నాలుగు నెలల్లో వస్తుంది. అంతవరకూ ఆగండి, ఆ కార్యం మీ చేతుల మీదుగానే జరగనివ్వండి. ఈలోగా డాక్టరు, నిద్ర. డాక్టరు సరేనంటే సంవత్సరీకం అయ్యాక ముందుగా ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయ కేంద్రంలో పది రోజుల విపశ్యన చేయండి. రానుపోను కలిపి పన్నెండు రోజులు పడుతుంది. ఫీజు లేదు, భోజనం, వసతి పాత సాధకుల విరాళాలతో నడుస్తాయి. తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు, ఇబ్బందైతే రైలెక్కి ఇంటికి రావచ్చు. పద్ధతిలో తేడా ఉంది. సువాన్ మోక్‌లో శ్వాసను గమనించే ఆనాపానసతి నేర్పుతారు. ఇక్కడ మొదటి మూడు రోజులు శ్వాస, ఆ తర్వాత ఒంట్లో కలిగే స్పందనలు. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించీ వేసుకునే మందుల గురించీ అడుగుతారు. సీటు రాదేమోనని ఏదీ దాచకండి, డాక్టరును అడగకుండా మందులు ఆపకండి.

అది బాగా జరిగితే థాయిలాండ్ వెళ్ళండి. మొదటిసారికి మూడు నాలుగు వారాలు చాలు. తిరుగు టికెట్ తీసుకుని, ఆ తేదీ మీవారికి చెప్పి వెళ్ళండి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైటు చూడండి.

గాజులు మాత్రం అమ్మకండి. సువాన్ మోక్‌లో శిబిరానికి తీసుకునేది చిన్న మొత్తమే, ఖర్చంతా విమానానికీ మిగతా రోజులకూ. పద్నాలుగేళ్ళు ఇంట్లో నర్సును పెట్టుకుని ఉంటే ఎంతయ్యేదో మీవారితో కూర్చుని లెక్క వేయండి. మీ ప్రయాణం డబ్బు ఆ ఇంటి నుంచే రావాలి, అది మీరు అడిగి తీసుకోండి.